చేటెడు తవుడు

బిడ్డను తవుడికి అమ్మడానికి ముహూర్తం చూడనక్కర్లేదు, పురిటిస్నానం అయితే చాలు. మంగాయమ్మకు ముందు పుట్టిన ఇద్దరూ నెల తిరక్కుండానే పోయారు. మూడో కాన్పులో పుట్టిన ఆడపిల్ల పదకొండు రోజులు దాటి ఇంకా గుక్కపెట్టి ఏడుస్తోంది గనక, బిలాస్‌పూరు రైల్వే కాలనీలో విజయనగరం వైపు నుంచి వచ్చిన ఆడవాళ్లంతా ఒక్కమాట మీదకు వచ్చారు. పిల్లను అమ్మేయాలి. చావు కూడా ఆఫీసు గుమాస్తాలాగే పేరూ చిరునామా చూసుకుని వస్తుందని వాళ్ల నమ్మకం కాబోలు. పిల్ల ఈ ఇంటిది కాదని తేలితే అది వెనక్కి తిరిగిపోతుందట.

కొనడానికి పక్క క్వార్టరు అచ్చియమ్మ వచ్చింది. ఆవిడకు అయిదుగురు పిల్లలు, అయిదుగురూ బతికున్నారు. అంతకన్నా అర్హత ఏం కావాలి! నోట్లో నువ్వుగింజ నానదన్న మాటే గానీ మనిషి మంచిది. చేట నిండా తవుడు పోసుకుని పెరటి గుమ్మం దగ్గర నిలబడింది. అక్కడ బూడిదకుప్ప పక్కన, ఇంకో చేటలో పాతచీర ముక్క మీద పిల్లను పడుకోబెట్టారు.

"ఈ గుంట ఎవుర్ది?" అని గట్టిగా అడిగింది అచ్చియమ్మ, నాలుగిళ్లకూ, నాలుగు దిక్కులకూ వినబడేలా.

"మాది కాదు. నువ్వే అట్టుకుపో," అంది పిల్ల నాయనమ్మ అప్పయమ్మ. అరవై దాటిన మనిషి. అనవలసిన మాట అనేసి, తవుడు చేట అందుకుంది.

"కొన్నాను. ఇది నా గుంట. నాకోసం మీరే సాకండి. దీని పేరు తవిటమ్మ," అని అచ్చియమ్మ పిల్లను ఎత్తి మంగాయమ్మ ఒళ్లో వేసింది.

తవిటమ్మ అన్న మాట చెవిన పడగానే అప్పయమ్మ చేతిలో చేట ఒరిగింది. తవుడంతా బూడిదలో పడింది. ఆడవాళ్లు అయ్యయ్యో అన్నారు.

"ఆ పేరు ఒద్దు," అంది అప్పయమ్మ.

"ఏటత్తా, తవుడుకి కొన్న గుంటకి ఆ పేరు కాక మరేటి ఎడతాం?" అంది మంగాయమ్మ.

ఆమె మొగుడు సింహాచలం గుమ్మంలో ఉన్నాడు. లోకోషెడ్డులో బాయిలర్లు కడిగే గ్యాంగుకు మిస్త్రీ, ఆ పూట సెలవు పెట్టుకున్నాడు. తల్లి ఎందుకు తొట్రుపడిందో తనకు తెలుసనుకున్నాడు. తనకంటే ముందు పుట్టిన అక్క పేరు తవిటమ్మ. వికారినామ సంవత్సరం కరువులో, తనకు మూడేళ్లప్పుడు పోయిందని చిన్నప్పటి నుంచీ వింటున్నదే.

"సచ్చిపోనోల్ల పేరు ఎట్టుకోడంలో తప్పేటమ్మా," అన్నాడు.

అప్పయమ్మ ఖాళీ చేట గోడకు ఆనించింది.

"అది సచ్చిపోనేదు," అంది.

అంతమంది ఆడవాళ్లలో ఎవరూ మాట్లాడలేదు. అచ్చియమ్మ కూడా మాట్లాడలేదంటే అక్కడ ఎంత నిశ్శబ్దమో అనుకోవచ్చు. పిల్లకు ఆ పూట ఏ పేరూ పెట్టలేదు.

వాళ్లు వెళ్లాక అప్పయమ్మ నులకమంచం మీద గోడవైపు తిరిగి పడుకుని చెప్పింది. కొడుకు ముఖం చూడలేదు. కర్గీ రోడ్ అవతల రాళ్లక్వారీలో అతని తండ్రి కలరాతో పోయాడు. ఇద్దరు పిల్లలతో ఆమె నడిచి ఈ ఊరొచ్చింది.

"నిన్ను సంకనేసుకున్నాను. దాన్ని నడిపించినాను. ఏడేళ్ల గుంట, కాళ్లు వాసిపోనాయి. అర్పా ఒడ్డున దొరసానోల్లు పిల్లలకి గంజి పోత్తన్నారు. వరసలో దాన్ని కూకోబెట్టి, నీళ్లు తెత్తాను కూకో అని సెప్పి ఒచ్చీసినాను."

"నన్నెందుకు కూకోబెట్టనేదు?"

"నువ్వు మొగోడివి," అంది అప్పయమ్మ. నీళ్లు తెచ్చావా అంటే తెచ్చాను అన్నంత మామూలుగా అంది. మళ్లీ తనే, "ఉన్నాదో పోనాదో కనుక్కోరా నాయినా. ఇన్నాళ్లూ అడగనేదు. ఇంకెన్నాళ్లుంటాను," అంది. ఆ పూట అన్నం ముట్టలేదు. మర్నాడూ ముట్టలేదు.

శుక్రవారం సింహాచలం డ్యూటీకి వెళ్లాడు. చల్లారిన ఇంజను ఒకటి పట్టాల మధ్య గోతిమీద సిద్ధంగా ఉంది. బాయిలరు కింది బిరడాలు విప్పించి, ఇనపకడ్డీ లోపలికి దూర్చి గోకించాడు. సున్నంలాంటి చెక్కు పెళ్లలుగా ఊడి నీళ్లతో కారింది. నీళ్లు తేటపడేదాకా కడగాలి, అదీ పద్ధతి. ఎప్పుడూ ఆ పని గ్యాంగుకు వదిలి బిరడాల మరలు తడిమి చూసుకునేవాడు. ఆ రోజు కడ్డీ తానే పట్టుకున్నాడు. నీళ్లు తేటపడ్డా గోకుతూనే ఉన్నాడు. "మిస్త్రీ, హో గయా," అని గ్యాంగువాడు రెండుసార్లు చెప్పాక గానీ ఆగలేదు.

మూడేళ్ల పిల్లవాడికి ఏం తెలుస్తుంది అని తనకు తాను చెప్పుకున్నాడు. తెలియదు నిజమే. కానీ వరసలో అక్క కూర్చున్నప్పుడు తను చంకన ఉన్నాడు. తనను దింపలేదు. ఈ ముప్పయ్యారేళ్లూ తను తిన్న ప్రతి ముద్దా అక్క నోటి దగ్గర్నుంచి లాక్కున్నట్టు అనిపించి, మధ్యాహ్నం విప్పిన అన్నం గిన్నె మళ్లీ మూతపెట్టేశాడు.

ఫోర్‌మన్ ఆఫీసులో సూర్యం అని తెలుగు గుమాస్తా ఉన్నాడు. ఇంగ్లీషు చదువుతాడు. సింహాచలం ఆయన బల్ల దగ్గర నిలబడి సంగతి చెప్పాడు. కడుపు చించుకుంటే కాళ్ల మీద పడుతుందని తెలిసినా చెప్పాడు. సూర్యం కలం పక్కన పెట్టి, "రేపు అరపూటే కదా. నేనూ వస్తాను," అన్నాడు.

శనివారం ఇద్దరూ శనిచరి బజారు దాటి, అర్పా ఇసకలో నడిచి అవతలి గట్టెక్కారు. ఆ దొరసానుల అనాథాశ్రమం పెంకుల వసారా చల్లగా ఉంది. రైల్వే కాలనీ నుంచి అక్కడికి మూడు మైళ్లు. అంత దూరమే. ఆశ్రమం చూసే ముసలి దొరసాని వాళ్లను బెంచీ మీద కూర్చోబెట్టి, హిందీలో ఓపిగ్గా అన్నీ అడిగి, చెదలు పట్టకుండా కర్పూరం వేసిన పెట్టెలోంచి ఒక పెద్ద పుస్తకం తీసింది. ఆ కరువేడు ఒక్క నెలలోనే అందులో పదహారు పేజీలు నిండాయి. చాలా పేర్ల పక్కన చిన్న శిలువ గుర్తు ఉంది. అదేమిటని సింహాచలం అడగలేదు. సూర్యం వేలు ఒక్కొక్క పేరు మీదుగా కిందికి జారింది.

"ఇదిగో," అన్నాడు సూర్యం. శిలువ గుర్తు లేదు. తెలుగులో చెప్పాడు. "తవిటమ్మ. ఏడేళ్లు. మద్రాసు వైపు పిల్ల. గంజివరసలో ఒంటరిగా దొరికింది. తల్లి..." అని ఆగాడు.

"సదవండి బాబూ."

"తల్లి రెండు శేర్ల తవుడు తీసుకుని తనను అమ్మేసిందని పిల్లే చెప్పింది. కొన్నవాళ్లు సాకలేక వదిలేసి ఉంటారు."

సింహాచలానికి ముందు నవ్వొచ్చింది. ఏడేళ్ల పిల్లను పేరేమిటి అని అడిగి ఉంటారు. తవిటమ్మ అని ఉంటుంది. అదేం పేరు అని ఉంటారు. మా అమ్మ నన్ను తవుడుకి అమ్మింది అని, వాళ్ల వాడలో ఏ పిల్లయినా గొప్పగా చెప్పుకునేటట్టే చెప్పి ఉంటుంది. అలా అమ్మిన పిల్లలంటే ఇంట్లో ముద్దెక్కువ. చేటెడంటే ఎంతో తెలియక పుస్తకం రాసే మున్షీ రెండు శేర్లని వేశాడు. ఆ నవ్వు పెదాల దాకా వచ్చి అక్కడే ఎండిపోయింది.

"ఇది తప్పు, మేమ్‌సాబ్," అన్నాడు లేచి నిలబడి. "మా అమ్మ అమ్మలేదు. అది మా ఆచారం. ఇక్కడ మా అమ్మను బిడ్డనమ్ముకున్న మనిషిని చేసి రాశారు. కొట్టేయండి."

సూర్యం ఆచారమంతా వివరించాడు. మొన్న తన కూతుర్నీ అలాగే అమ్మామని సింహాచలం కలిపాడు. దొరసాని శ్రద్ధగా విని కళ్లద్దాలు తీసింది. రాసినవాళ్లెవరూ ఇప్పుడు లేరని, పాత రాత కొట్టేయడం కుదరదని, ఎవరి గురించి రాశారో ఆ మనిషే సంతకం చేసి ఇస్తే పక్కన సరిదిద్ది రాస్తానని చెప్పింది. చివరి గడి చూపించింది. మార్తా అని పేరు మార్చారు. పద్దెనిమిదో ఏట పెళ్లయింది. మొగుడు పోయాడు. ఇప్పుడు కర్గీ రోడ్ స్టేషను దగ్గర చిన్న దవాఖానాలో ఆయా. బతికే ఉంది.

సూర్యం అక్కడే కూర్చుని అర్జీ రాసి ఇచ్చాడు. "మీ అక్క చేత సంతకమో, వేలిముద్రో వేయిస్తే చాలు," అన్నాడు. సింహాచలం దాన్ని నాలుగు మడతలు పెట్టి చొక్కా జేబులో పెట్టుకున్నాడు. పదకొండేళ్లపాటు అక్క ఆ వసారాలో తిరిగింది. ఆ పదకొండేళ్లూ తను మూడు మైళ్ల అవతల పట్టాల మీద గోళీలాడాడు.

ఇంటికి రాగానే తల్లికి అంతా చెప్పాడు. బతికుందనగానే అప్పయమ్మ రెండు చేతులూ ఎత్తి దణ్ణం పెట్టింది. తవుడు సంగతి వినగానే మంచం పట్టె పట్టుకుని లేచి కూర్చుంది.

"అమ్మీసినానని రాసినారా? తవుడుకా?"

"అది అలగ సెప్పినాది. ఆళ్లలగ రాసుకున్నారు."

"నాను అమ్మనేదురా!" అంది అప్పయమ్మ. రెండు రోజులుగా తిండి లేని గొంతు పగిలింది. "ఒగ్గీసినాను. పాపిష్టిదాన్ని, ఒగ్గీసినాను. అమ్మనేదు. బిడ్డనిచ్చి గింజ తిన్నదాన్ని కాను నాను. ఆ ఒక్క మాట దానికి సెప్పు. ఇంకేటీ సెప్పొద్దు."

మంగాయమ్మ పిల్లకు పాలిస్తూ అటు తిరిగి కూర్చుంది. సింహాచలం అడగకూడదనుకుంటూనే అడిగాడు.

"మరి తరవాత? రెండు నెల్లకే షెడ్డులో బొగ్గు మోసే పని దొరికినాదంటావు కదా. మూడు మైళ్లు. ఎల్లి తెచ్చుకోనేదేటి?"

అప్పయమ్మ మంచం పట్టె వదిలేసింది.

"అప్పుటికే సచ్చిపోనాదని అందరికీ సెప్పీసినాను. దొరసానోల్ల కూడు తిన్న గుంటని ఇంట్లోకి తెత్తే మనోల్లు నీళ్లు పుట్టనిత్తారేటి? నీకు పిల్లనెవుడిత్తాడు?" కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. "ఒకపాలి సూసినాను. శనిచరి బజారులో తెల్లబట్టలు కట్టుకుని వరసగా ఎల్తన్నారు ఆ పిల్లలు. అది మూడోది. ఎదిగిపోనాది. ముసుగేసుకుని సందులోకి తిరిగిపోనాను."

సింహాచలం ఆ మనిషిని తిట్టలేకపోయాడు, ఓదార్చలేకపోయాడు. బయటికి వెళ్లి బీడీ ముట్టించుకుని, కాల్చకుండా వేళ్ల మధ్యే ఆరిపోనిచ్చాడు.

ఆదివారం పొద్దుటి పాసింజరులో కర్గీ రోడ్ దిగాడు. దవాఖానా అంటే రెండు గదులు, ఒక వేపచెట్టు. వరండాలో నలభై దాటిన ఆడమనిషి, తెల్లచీర, ఒక మోకాలు పైకి పెట్టి కూర్చుని ఉడకబెట్టి ఆరేసిన గుడ్డపేలికలు చుడుతోంది. పేలిక ఒక కొస మోకాలి మీద అదిమి, అరచేత్తో ముందుకు దొర్లిస్తే కట్టు బిగువుగా చుట్టుకుని గుప్పెడంత అవుతోంది. ఒకటి పూర్తికాగానే డబ్బాలో వేసి ఇంకోటి అందుకుంటోంది. మోకాలు అలా పైకి పెట్టి కూర్చునేది ఈ లోకంలో మా అమ్మ ఒక్కతే అని ఇన్నాళ్లూ అనుకున్నాడు సింహాచలం.

తానెవరో చెప్పాడు. ఆమెకు తెలుగు పోయింది. ఇద్దరూ ఇక్కడి ఛత్తీస్‌గఢీ మాటలోనే మాట్లాడుకున్నారు. చెబుతున్నంతసేపూ ఆమె చెయ్యి ఆగలేదు. అమ్మ పేరు అప్పయమ్మ అన్నప్పుడు మాత్రం చుట్టిన కట్టు జారి వరండా పొడుగునా విప్పుకుంటూ దొర్లిపోయింది.

"చంకలో ఉన్నది నువ్వేనా?" అంది.

"నేనే."

"నాకు నీ ముఖం గుర్తులేదు భయ్యా. కాళ్లు గుర్తున్నాయి. నేను కింద నడుస్తుంటే అవే నా కంటి ఎదురుగా వేలాడేవి. పుల్లల్లాంటి కాళ్లు." లేచి లోపలికి వెళ్లి టీ తెచ్చింది. తాగుతుంటే ఎదురుగా కూర్చుని చూసింది. తర్వాత మామూలుగా అడిగింది. "ఎన్ని రోజులొచ్చింది?"

"ఏమిటి?"

"తవుడు."

సింహాచలం చెయ్యి జేబు మీదికి పోయింది. ఆమె అతను సిగ్గుపడుతున్నాడనుకుంది.

"నాకేం కోపం లేదు. చిన్నప్పుడుండేది. పుస్తకంలో ఉందని, తవుడు పిల్లా అని మిగతావాళ్లు ఏడిపించేవాళ్లు. అమ్మ ముఖం తలుచుకుని పళ్లు కొరికేదాన్ని. తర్వాత ఒక ఏడు ఇన్‌ఫ్లుయెంజా వచ్చింది కదా, అందులో నా కొడుకు పోయాడు. వాడి పక్కన కూర్చున్నప్పుడు తెలిసింది. వాణ్ని బతికించడానికి నన్ను ఎవడైనా కొంటానంటే, తవుడిక్కూడా అమ్ముడుపోయేదాన్ని. ఆ రాత్రే అమ్మ మీద కోపం పోయింది." విప్పుకుపోయిన పేలిక దగ్గరికి లాక్కుని మళ్లీ చుట్టడం మొదలుపెట్టింది. "లెక్కేసుకున్నాను కూడా. రెండు శేర్లు. ఇప్పపువ్వు కలిపి ఉడికిస్తే ఒక ఆడమనిషికీ, ఒక చిన్నపిల్లాడికీ పది రోజులు. పలచగా కాస్తే పన్నెండు. పన్నెండు రోజుల్లో ఎక్కడో పని దొరికి ఉంటుంది. పిల్లాడు బతికి ఉంటాడు. అప్పట్నుంచీ ప్రార్థనలో అదే అడిగేదాన్ని, వాడు బతికుండాలని. లేకపోతే నన్నిచ్చింది దండగ కదా!"

అర్జీ కాగితం జేబులో ఉంది. చెప్పవలసిన మాట ఒక్కటే. అమ్మ నిన్ను అమ్మలేదు. చెబితే అమ్మ నేరం ఒకటి పోతుంది. కానీ ఆ వెనకే ఇంకో మాట కూడా చెప్పాలి. తవుడు లేదు. నీకు బదులు ఎవరూ ఏమీ తినలేదు. నన్ను బతికించింది నువ్వు కాదు. రెండు నెలలకు ఇంట్లో అన్నం ఉడికింది, నువ్వు మూడు మైళ్ల దూరంలో ఉన్నావు, బజారులో నిన్ను చూసి ముసుగేసుకుంది. అమ్మ నిజాయితీ నిలబెట్టడానికి వచ్చినవాడు అక్క చేతుల్లో మిగిలిన ఒక్కటీ లాగేసుకుని పోవాలి.

"పన్నెండు రోజులొచ్చిందక్కా," అన్నాడు. "పదమూడో రోజున అమ్మకు షెడ్డులో పని దొరికింది."

"పన్నెండా!" అందామె. ముఖమంతా వెలిగింది, కళ్లు నిండాయి. "అచ్ఛా! నేను అనుకున్నట్టే." చెయ్యి చాపి అతని ముంజేయి పట్టుకుని, సంతలో ఎద్దును చూసినట్టు కండ నొక్కి చూసింది. "బాగా ఎదిగావు. దండగ కాలేదు."

అమ్మ చూస్తానంటోందని, ఒకసారి రమ్మని అడిగాడు. ఆమె తల అడ్డంగా ఊపింది.

"వద్దు. పెద్దామె. నా ఎదట ఆమెకు సిగ్గేస్తుంది. ఎందుకు కష్టపెట్టడం? తవుడు సంగతి నేను మనసులో పెట్టుకోలేదని చెప్పు. నువ్వు వస్తూ ఉండు. ఈసారి నీ పిల్లను తీసుకురా."

రైలు కదిలాక సింహాచలం అర్జీ తీసి చిన్న ముక్కలుగా చింపాడు. ముక్కల్ని కిటికీలోంచి వదిలి, ఎదుటి బల్ల మీద మనుషులున్నారని కూడా చూడకుండా ఏడ్చాడు.

పొద్దు వాలకముందే ఇల్లు చేరాడు. అప్పయమ్మ స్నానం చేసి, ఉతికిన చీర కట్టుకుని, తల దువ్వుకుని గుమ్మంలో కూర్చుంది. అతని వెనక ఎవరైనా వస్తున్నారేమోనని వీధి మలుపు దాకా చూసింది. ఎవరూ లేరు.

"సెప్పినావేటి?"

"సెప్పినాను."

"అమ్మనేదని?"

"అమ్మనేదని సెప్పినాను."

"ఏటన్నాది?"

"కోపం నేదన్నాది. నిన్ను కష్టపెట్టొద్దన్నాది."

అప్పయమ్మ తలాడించింది. చెప్పులు విప్పుతున్న కొడుకు వంక చాలాసేపు చూసింది.

"మరి ఎందుకు మల్లీ రానేదని అడగనేదేటి?"

"అడగనేదు."

"అడుగుతాది," అంది అప్పయమ్మ మెల్లిగా. "అమ్మనేదని తెలిత్తే, ముందు అదే అడుగుతాది. నువ్వు సెప్పనేదు."

సింహాచలం మెట్టు మీద ఆమె పక్కనే కూలబడ్డాడు. అబద్ధం ఆడడం చేతకాని మనిషి, ఆ రోజు ఒకటి ఆడి వచ్చాడు, రెండోది నిలబెట్టలేకపోయాడు. అంతా చెప్పాడు. ప్రార్థన సంగతి, పోయిన పిల్లవాడి సంగతి, పన్నెండు రోజుల సంగతి. లోపల పసిది ఏడిచి ఊరుకుంది. అప్పయమ్మ అన్నీ విన్నది. ఎక్కడా అడ్డం రాలేదు, కంటతడి కూడా పెట్టలేదు. ఏడుపు వచ్చే చోటు దాటిపోయినట్టుంది.

"పన్నెండు రోజులన్నావా?" అంది చివరికి.

"అన్నాను."

"పోన్లే. అలగే ఉండనీ. అమ్ముకున్న తల్లే నయం దానికి."

షెడ్డు నుంచి డ్యూటీ దిగినవాళ్లు గుమ్మం ముందు నుంచి వెళుతూ పలకరించారు. అప్పయమ్మ వాళ్లు దాటిపోయేదాకా ఆగింది. తర్వాత కొడుకు మోకాలి మీద చెయ్యి వేసింది.

"మల్లీ ఎల్తావు కదా? ఎల్తే ఒక మాట సెప్పు. ఆ తవుడు నువ్వొక్కడివే తిన్నావని సెప్పు. నాను ముట్టనేదని సెప్పు."

"సెప్తానమ్మా," అన్నాడు సింహాచలం.